వాలులో గడ్డికి బదులు పూలు

సీతమ్మధారలో కొండవాలున ఇల్లుంటే లాన్ కత్తిరించడం ఎంత పనో మీకు తెలిసిందే. మిషనూ జారుతుంది, కాలూ జారుతుంది! అలాంటిచోట నేలబారుగా పాకే పూలమొక్కలే నయం.

బాగా ఎండ పడేచోట గడ్డిగులాబి వేయండి. చిన్న ముక్క గుచ్చినా బతుకుతుంది. కాస్త నీడ ఉంటే అరాచిస్ పింటోయ్ మేలు. ఇది మన వేరుశనగకు చుట్టమే. పసుపుపచ్చగా పూస్తుంది. నత్రజనిని వేళ్ల బుడిపెల్లో తనే సమకూర్చుకుంటుంది కనుక ఎరువు బెడద తక్కువ.

నర్సరీలో వెడేలియా చూసి ముచ్చటపడొద్దు. త్వరగా అల్లుకునే మాట నిజమే కానీ, కణుపు కణుపునా వేళ్లూనుతుంది. కత్తిరించిన తీగల్ని గెడ్డలో పారేస్తే అక్కడా మొలిచి, మిగతా మొక్కల్ని కమ్మేస్తుంది.

వాలంతా ఒకేసారి తవ్వకండి. ఒక్క పెద్దవానకే మట్టి రోడ్డెక్కుతుంది. మూరెడు పట్టీ చొప్పున గడ్డి తీస్తూ, తుంగగడ్డలు ఏరేసి, జానెడు ఎడంలో నాటండి. అది అల్లుకున్నాకే పక్క పట్టీ.