బండి ఆగినచోట

పిల్లలూ! బదిలీ ఉద్యోగుల ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఎలాగూ రెండేళ్లలో వెళ్లిపోతాం కదా!" ఇక ఈ ఊరి భాష మనకెందుకు, ఈ ఊరి మనుషులతో పనేమిటి అన్నది దాని అర్థం. మేమూ అలాగే అనుకునేవాళ్లం. అది ఎంత పొరపాటో మాకు కేశ్‌కాల్ ఘాట్‌లో తెలిసివచ్చింది.

మాది పాత అంబాసిడర్ కారు. 2014లోనే ఆ కార్ల తయారీ ఆగిపోయింది. ఒక మే నెలలో రాయపూర్ నుంచి జగదల్‌పూర్ తిరిగి వస్తున్నాం. కాంకేర్ దాటాక బస్తర్ పీఠభూమి మీదికి ఎక్కించే మలుపుల దారే కేశ్‌కాల్ ఘాట్. సగం ఎక్కామో లేదో, బానెట్ సందుల్లోంచి ఆవిరి! బయల్దేరే ముందు రేడియేటర్‌లో నీళ్లు చూసుకోలేదు. తప్పు మాదే.

బండిని ఓ పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, వెనక్కి జారకుండా చక్రాల వెనక రాళ్లు పెట్టాం. రేడియేటర్ మూత మాత్రం వెంటనే తీయలేదు. వేడెక్కిన రేడియేటర్‌లో నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి, 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండగలవు. మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, మరుగునీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. ఇంజిన్ బాగా చల్లారాకే మందపాటి గుడ్డతో మూత తిప్పి, నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. ఇదంతా మాకు తెలుసు. పోయడానికి నీళ్లే లేవు. ఫోన్‌కు సిగ్నల్ లేదు.

అది తునికాకు కోసే కాలం. ఆకుల మూట నెత్తిన పెట్టుకుని ఒక పెద్దావిడ వస్తోంది. ఖాళీ డబ్బా చూపించి, వచ్చీరాని హిందీలో అడిగాం. ఆమె వెంట ఉన్న కుర్రాడితో గోండీలో ఏదో చెప్పింది. అందులో ఒక మాట చెవిన పడింది: "ఏర్". కుర్రాడు డబ్బా తీసుకుని కిందికి పరిగెత్తాడు, నిండా నీళ్లతో వచ్చాడు. గోండీలో "ఏర్" అంటే నీళ్లు. మనకు ఏరు అంటే నీళ్లు పారేచోటు! అంకెలు అడిగితే రండ్, మూండ్, నాలుంగ్ అంటూ వేళ్లు చూపాడు. గోండీ, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబపు భాషలు. రెండేళ్లు బస్తర్‌లో ఉండి, తెలుగు పాఠాలు చెబుతూ, మన పొరుగునే ఉన్న ఈ చుట్టాన్ని మేం పలకరించనే లేదు. సిగ్గేసింది.

అందుకే మా అభిప్రాయం ఇది. ఏ ఊరికి బదిలీ అయినా రెండు పనులు ముందు నేర్చుకోవాలి. ఒకటి, చేతిపని: బండిలో నీళ్లు, టైర్లలో గాలి చూడటం, స్టెప్నీ మార్చడం. ఇవి నాన్నగారి పనులని వదిలేయకండి, అమ్మాయిలూ నేర్చుకోండి. రెండు, నోటిమాట: నీళ్లు, దారి, ఆకలి, ధన్యవాదం లాంటి పది మాటలు స్థానిక భాషలో. అవి మీ బెంచీ పక్కవాడికే వచ్చి ఉండొచ్చు, అడగండి. రెండేళ్లు తక్కువే కావచ్చు, కానీ దాహం వేయడానికి రెండు గంటలు చాలు.

బయల్దేరే ముందు చక్రాల వెనక రాళ్లు తీసి రోడ్డు పక్కన పెట్టాం. మన అవసరం తీరింది కదా అని వాటిని దారిలో వదిలేస్తే, వెనక వచ్చేవాళ్లకు ప్రమాదం. అదీ మరిచిపోకండి.