రశీదు లేని ఖాతా

భద్రాచలం ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకొనే కథ ఒకటి ఉంది. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో రామాలయం కట్టించాడన్న అభియోగంపై గోల్కొండ చెరసాల పాలయ్యాడు. ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పుకొన్న ఇద్దరు వచ్చి బాకీ అంతా చెల్లించగా, అబుల్ హసన్ తానీషా రశీదు రాసి ఇచ్చాడు. ఆ రశీదుతో చెర తలుపులు తెరుచుకొన్నాయి. ఈ కథలో చరిత్ర ఎంతో, భక్తి ఎంతో తేల్చే పని మాది కాదు. మమ్మల్ని ఆలోచింపజేసింది ఆ రశీదు. బాకీ తీరిందని ఒప్పుకొన్న పాలకుడు ఆ మాటను కాగితంపై పెట్టి ఇచ్చాడు. మన కాలపు పాలకులు పౌరుల పేరిట తెరుస్తున్న ఖాతాలకు లేనిది సరిగ్గా అదే.

గోదావరి తీరవాసులమైన మనకు హద్దులు కొత్త కాదు. నిజాం రాజ్యానికీ, బ్రిటిష్‌వారి మదరాసు రాష్ట్రానికీ ఒకనాడు ఈ నదే హద్దు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. చర్ల దాటితే ఛత్తీస్‌గఢ్, చింతూరు దాటితే ఒడిశా. తునికాకు కల్లాలకు వెళ్లేవారు, వారపు సంతలకు సరుకు మోసే చిల్లర వర్తకులు, లారీ డ్రైవర్లు చెక్‌పోస్టు దగ్గర ఆగి ఊరూ పేరూ చెప్పడం ఈ అడవిదారుల్లో నిత్యకృత్యం. వారిలో మనవారూ ఉన్నారు. ఒకప్పుడు ఆ వివరాలు ఠాణా రిజిస్టరు దాటి పోయేవి కావు.

ఇప్పుడు ఆ రిజిస్టరుకు గోడలు లేవు. దేశంలోని ఠాణాలన్నింటినీ కలిపే సీసీటీఎన్‌ఎస్ పథకానికి కేంద్రం 2009లో ఆమోదం తెలిపింది. 2008 ముంబయి దాడుల తరువాత నాట్‌గ్రిడ్ ఆలోచన రూపు దిద్దుకొంది. 2018లో తెలంగాణ పోలీసులు తమ టీఎస్‌కాప్ యాప్‌లో ముఖాలను పోల్చి గుర్తించే సదుపాయాన్ని చేర్చారు. 2025 జనవరి 7న ప్రారంభమైన భారత్‌పోల్ పోర్టల్, రాష్ట్రాల పోలీసులను సీబీఐ ద్వారా ఇంటర్‌పోల్ సహకారానికి చేరువ చేసింది. అడవి అంచున ఒక ఠాణాలో నమోదైన పేరు శంషాబాద్ విమానాశ్రయం దాకా, అవసరమనుకొంటే సముద్రం అవతలి దాకా ప్రయాణించే దారి ఏర్పడింది.

నేరస్థులను పట్టుకోవడానికి దేశాలు చేతులు కలపడాన్ని మేము వ్యతిరేకించడం లేదు. 1923లో పుట్టిన ఇంటర్‌పోల్‌లో నేడు 196 దేశాలకు సభ్యత్వం ఉంది. పోయిన, దొంగిలించిన పాస్‌పోర్టుల వివరాలను అది 2002 నుండి దేశాలకు అందుబాటులో ఉంచుతోంది. మనుషులను అమ్ముకొనే ముఠాల ఆట కట్టడానికి ఇటువంటివి కావాలి. గల్ఫ్‌కు పంపుతామని నమ్మించి ముంచే ఏజెంట్ల చేతిలో నష్టపోయిన కుటుంబాలకు ఆ అవసరం మరింత బాగా తెలుసు. మా ప్రశ్న వేరు. తప్పుగా చేరిన పేరు ఎలా బయటికి వస్తుంది? నిర్దోషిగా తేలినవాడి ఖాతా ఎవరు మూస్తారు?

మన పేర్లనే చూడండి. తెలుగు ముస్లింలలో షేక్, సయ్యద్, పఠాన్ ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. షేక్ మస్తాన్, షేక్ జానీ, షేక్ నాగుల్ మీరా అన్న పేర్లు గలవారు ఒక్క మండలంలోనే ఎందరో ఉంటారు. ముహమ్మద్ అన్న ఒక్క పేరును రేషన్ కార్డులో ఒక తీరుగా, ఆధార్‌లో మరో తీరుగా, పాస్‌పోర్టులో ఇంకో తీరుగా రాస్తారు. పేరును బట్టి వెతికే యంత్రానికి వీరందరూ ఒక్కరే కావచ్చు, ఒక్కరే పదిమంది కావచ్చు. ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది యంత్రం కాదు, విమానం తప్పిపోయిన కూలి.

2007 మే 18న మక్కా మస్జిద్‌లో బాంబు పేలుడు జరిగిన తరువాత హైదరాబాద్‌లో ఎందరో ముస్లిం యువకులను నిర్బంధించారు. న్యాయస్థానాలు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012లో వారికి పరిహారంతోపాటు సత్ప్రవర్తన ధ్రువపత్రాలు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వులను కొట్టివేసింది. ఆ ధ్రువపత్రం ఒక విధంగా తానీషా రశీదు వంటిదే. ఉద్యోగమిచ్చే యజమానికి దానిని చూపవచ్చు. కానీ ఠాణాలోని కంప్యూటరు దానిని చదవదు.

చట్టం ఏమంటోంది? 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో 2022లో క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం వచ్చింది. శిక్ష పడినవారితో ఆగక, అరెస్టయినవారి వేలిముద్రలు, కంటిపాప ముద్రలు, ఇతర కొలతలు కూడా సేకరించే అధికారాన్ని అది పోలీసులకు ఇచ్చింది. వాటిని జాతీయ నేర రికార్డుల బ్యూరో 75 సంవత్సరాలు భద్రపరుస్తుంది. అంటే ఒక మనిషి జీవితకాలం. ఇదివరకు శిక్ష పడనివారు నిర్దోషులుగా విడుదలైతే, కోర్టు వేరుగా ఆదేశిస్తే తప్ప, ఆ రికార్డును ధ్వంసం చేయాలని కూడా అదే చట్టం చెబుతోంది. అయితే అందుకోసం నోడల్ అధికారికి అభ్యర్థన పెట్టుకోవాలని నిబంధనలు అంటున్నాయి. సేకరించేటప్పుడు మన అభ్యర్థన కోసం ఆగని ప్రభుత్వం, చెరిపేటప్పుడు మాత్రం మన దరఖాస్తు కోసం ఎదురుచూస్తుంది.

విమానాశ్రయంలో ఆపే లుకౌట్ సర్క్యులర్ల తీరూ ఇంతే. 2010 నాటి హోంశాఖ ఉత్తర్వుల ప్రకారం అవి సాధారణంగా ఏడాదికి కాలం చెల్లేవి. 2021 మార్గదర్శకాల తరువాత, జారీ చేయించిన సంస్థ తొలగించమని కోరేదాకా అవి అమలులోనే ఉంటాయి. కోరడం మరచిపోతే? అప్పుచేసి వీసా కొనుక్కొన్న యువకుడికి ఆ మరపు సంగతి ఇమిగ్రేషన్ కౌంటరు ముందే తెలుస్తుంది.

ఆశ్చర్యమేమంటే, ఈ విషయంలో ఇంటర్‌పోలే మన వ్యవస్థ కంటే ఒక అడుగు ముందుంది. రాజకీయ, సైనిక, మత, జాతి సంబంధమైన వ్యవహారాలలో తలదూర్చరాదని దాని రాజ్యాంగపు మూడవ అధికరణం నిషేధించింది. తమ వివరాలు అక్కడ ఉన్నాయో లేదో తెలుసుకోవడానికీ, ఉంటే తొలగించమని కోరడానికీ ఏ దేశపు సామాన్యుడైనా ఇంటర్‌పోల్ ఫైళ్ల నియంత్రణ కమిషన్‌కు రుసుము లేకుండా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ కమిషన్‌లోనూ జాప్యం ఉంది, లోపాలున్నాయి. అయినా తట్టడానికి ఒక తలుపు ఉంది. నాట్‌గ్రిడ్‌ను 2011లోనే సమాచార హక్కు చట్టం పరిధి నుండి తప్పించారు. 2023 నాటి డేటా రక్షణ చట్టం, కోరిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపునిచ్చే అధికారాన్ని కేంద్రం చేతిలోనే ఉంచింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన మాట ఈ మినహాయింపుల మధ్య నలిగిపోతోంది.

ఇది కేవలం మన గోడు అనుకొంటే అది మన సంకుచితత్వమే. 2005 తరువాత సల్వా జుడుం హింసకు తాళలేక ఛత్తీస్‌గఢ్ నుండి మన అడవులకు తరలివచ్చిన గుత్తికోయలను చూడండి. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ అధికారి దారుణ హత్యకు గురైనప్పుడు, గుత్తికోయలందరినీ వెళ్లగొట్టాలని బెండాలపాడు గ్రామసభ తీర్మానించింది. కొందరి నేరాన్ని జాతి మొత్తానికి అంటగట్టడం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అనుమానాన్నీ, ఒకరి గుట్టు కూపీ లాగడాన్నీ వారించే హుజురాత్ సూరా మన ఇరుగుపొరుగు విషయంలోనూ వర్తిస్తుంది.

మా కోర్కెలు నాలుగు. ఒకటి, నిర్దోషిగా విడుదలైన ప్రతివారి వివరాలనూ దరఖాస్తు లేకుండానే, నిర్ణీత గడువులో తొలగించాలి. రెండు, తొలగించినట్లు ఆ వ్యక్తికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. మూడు, పేరు మాత్రమే కలిసిందన్న కారణంతో ఎవరినీ ఆపరాదు. తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా సరిచూడాలి. నాలుగు, ఈ ఖాతాలను తనిఖీ చేసే స్వతంత్ర సంస్థ ఉండాలి.

అంతవరకు మనం చేయగలిగినదీ ఉంది. కేసు కొట్టివేసిన తీర్పు ధ్రువీకృత ప్రతిని ఇంట్లో భద్రపరచుకోవాలి. రికార్డు తొలగింపునకు నోడల్ అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు చేసి, అందినట్లు సంతకం తీసుకోవాలి. పిల్లల పేర్లను అన్ని పత్రాల్లో ఒకే తీరుగా రాయించాలి. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం మస్జిద్ కమిటీలు నెలకొక రోజు న్యాయవాదిని పిలిపించి ఈ దరఖాస్తులు రాయించాలి. ఆ రోజు గుత్తికోయ సోదరుడు వచ్చినా అతనికీ చోటివ్వాలి.

ఖాతా తెరిచే అధికారం ప్రభుత్వానికి ఉండనీయండి. బాకీ లేదని తేలాక రశీదు ఇవ్వడం దాని బాధ్యత. ఆ రశీదు చేతికి అందేదాకా అడుగుతూనే ఉండడం మన బాధ్యత.