జూన్ 1న పుట్టినవాళ్లంతా

కాస్త వయసున్న ఉద్యోగులు ఎక్కువగా ఉండే ఏ ఆఫీసులోనైనా హెచ్‌ఆర్ వాళ్ల ఎక్సెల్ షీటు తెరిచి, పుట్టినరోజులు నెలలవారీగా లెక్కపెట్టి చూడండి. జూన్, జూలై దగ్గర అంకె ఒక్కసారిగా పైకి లేస్తే ఆశ్చర్యపోకండి. మనవాళ్లంతా ఆ నెలల్లోనే పుట్టారని కాదు. బడిలో వేసేటప్పుడు పంతులుగారు వయసు సరిపోయేలా ఏదో ఒక తేదీ రాసేసేవారు. డేటా క్లీన్ చేసే కుర్రాడికి అది తప్పులా కనిపిస్తుంది, తీసేద్దామనిపిస్తుంది. తియ్యకూడదు. అసలు పుట్టింది ఎప్పుడైనా, టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నది అదే. రిటైర్మెంట్ లెక్క నడిచేదీ దానిమీదే.

ఇప్పుడు ప్రతి మేనేజర్‌కీ డాష్‌బోర్డు కావాలి. ఏ టీమ్‌లో ఎంతమంది మానేస్తున్నారు, ఎన్నాళ్లకి మానేస్తున్నారు, వగైరా. బొమ్మలు గీయడం గంట పని. అంతకుముందు గడులు సరిచేయడమే వారాల పని. అదే షీటులోంచి జీతాలు, పీఎఫ్, గ్రాట్యుటీ కూడా నడుస్తాయన్న సంగతి మాత్రం బొమ్మలు అడిగేవాళ్లకి గుర్తుండదు.

తేదీల సంగతే చూడండి. మనం 03/04/2021 అని రాస్తే ఏప్రిల్ 3. అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌కి అది మార్చి 4. పోనీ తప్పని చెబుతుందా అంటే, చెప్పదు. అదే 25/04/2021 ఇస్తే, 25వ నెల లేదు కాబట్టి తేదీగా తీసుకోకుండా మామూలు అక్షరాల్లా వదిలేస్తుంది. అది నయం, కంటికి కనిపిస్తుంది. ప్రతి నెలలో మొదటి 12 రోజులు కలిపితే ఏడాదికి 144. అందులో 01/01, 02/02 లాంటివి 12 తీసేస్తే, మిగతా 132 తేదీలు చడీచప్పుడు లేకుండా తారుమారవుతాయి.

డాష్‌బోర్డులో దానివల్ల గీత కాస్త వంకరపోతుంది, అంతే. మనిషికి అలా కాదు. ఒకావిడ 09/01/2020న, అంటే జనవరి 9న చేరారనుకుందాం. షీటు దాన్ని సెప్టెంబర్ 1 చేసింది. ఆవిడ 2025 ఫిబ్రవరిలో మానేశారు. నిజానికి ఐదేళ్లు దాటాయి, గ్రాట్యుటీ రావాలి. షీటు లెక్కలో నాలుగేళ్ల ఐదు నెలలే. అందుకే తేదీని ఏడాది ముందు పెట్టి 2020-01-09 అని రాయమని మా బోటివాళ్లం ప్రాణం తీస్తుంటాం.

ఇక పేర్లు. సాఫ్ట్‌వేర్ ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ అని అడుగుతుంది. మనకేమో ఇంటిపేరు ముందొస్తుంది. వెంకట లక్ష్మి అనే పేరు ఇంటర్వ్యూ షీటులో ఒకలా, జీతాల షీటులో ఇనిషియల్‌తో, ఆధార్‌లో ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంటుంది. ‘క్ష’ని ఇంగ్లీషులో రాసే తీరులే రెండు మూడు! ఇటు చూస్తే ఒకే ఆఫీసులో ఇద్దరు కె. శ్రీనివాస్‌లు. డూప్లికేట్లు తీసేసే బటన్ పేరు చూసి నొక్కామా, ఒక శ్రీనివాస్ మాయం. కలపాల్సింది పేరుతో కాదు, ఎంప్లాయీ నంబరుతో. ఆ నంబరు ముందున్న సున్నాల్ని కూడా ఎక్సెల్ మింగేస్తుంది, అది వేరే కథ.

పీఎఫ్‌లో పేరు ఆధార్‌తో కలవకపోతే డబ్బు తీసుకునేటప్పుడు క్లెయిమ్ ఆగిపోతుంది. 2025 జనవరి నుంచి ఇలాంటి చాలా సవరణలు, ఆధార్‌తో సరిచూసిన యూఏఎన్ ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో సొంతంగా చేసుకోవచ్చు. మిగతావాళ్లు పాత కంపెనీ చుట్టూ తిరగాలి. ఆ కంపెనీ మూతపడి ఉంటే ఆ తిప్పలు పగవాడికి కూడా వద్దు.

అందుకని నా పద్ధతి ఒకటే. హోదాలు, ఊళ్ల పేర్లు ఎంతైనా ఒక దారికి తెచ్చుకోవచ్చు. ‘హైద్’, ‘హైదరాబాద్’, ‘హెచ్‌వైడీ’ ఒకటే అని ఎవర్నీ అడగక్కర్లేదు. పేరు, తేదీ దగ్గరికొస్తే మాత్రం ఊహించకూడదు. పాత కాలమ్‌ని ముట్టుకోకుండా పక్కన కొత్తది పెట్టాలి, అనుమానం ఉన్న గడికి రంగు వేసి ఆ మనిషికే ఒక మెసేజ్ పెట్టాలి: “మీరు చేరింది జనవరి 9నా, సెప్టెంబర్ 1నా?” రెండొందల మందికి పెడితే ఒక రోజు పని పెరుగుతుంది. పెరగనివ్వండి.

ఈలోగా మీ పేస్లిప్‌లో ఉన్న జాయినింగ్ తేదీని ఆఫర్ లెటర్‌తో ఓసారి పోల్చి చూసుకోండి. రోజు 12 లోపు ఉంటే, ఈ రాత్రికే.