సైకిలుకు జాగా ఏదీ?

హైదరాబాదులో నిశ్చింతగా సైకిలు తొక్కాలంటే ఊరి చివరికి పోవాలి. ఔటర్ రింగు రోడ్డు పక్కన, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. 2023 అక్టోబరులో ప్రారంభించారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల కప్పు. చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ దారిన కూరగాయలకు వెళ్లేదెవరు? నాలుగిళ్లలో పనిచేసుకునే అమ్మాయి ఆ ట్రాక్ ఎక్కి ఏ ఇంటికి చేరుతుంది? అది వ్యాయామం చేసుకునే దారి. రోజూ పనుల మీద తిరగడానికి మనకు కావలసింది ఊరి నడుమ దారి.

ఆ దారి ఉండాల్సిన చోట ఇప్పుడు కార్లున్నాయి. తిరిగే కార్లు కావు, నిలబెట్టిన కార్లు! రోడ్డు వారగా వరసగా కార్లు పెడితే సైకిలు మీద వెళ్లేవాళ్లు బస్సుల మధ్యకీ లారీల మధ్యకీ రావాల్సిందే. అందుకే ఏ తల్లీ కూతురి చేతికి సైకిలిచ్చి మెయిన్ రోడ్డు మీదికి పంపడానికి ధైర్యం చెయ్యదు. తొమ్మిదో తరగతి దాకా సందుల్లో తొక్కిన పిల్ల కాలేజీకి వచ్చేసరికి సైకిలు మూలన పడుతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు బండి మీద దింపితేనే కదలాలి. పార్కింగు అంటే మగవాళ్ల గొడవ, ట్రాఫిక్ పోలీసుల గొడవ అనుకుంటాం. ఆడపిల్ల కాళ్లకు అడ్డం పడేవాటిలో అదీ ఒకటని గుర్తించం.

ఒక కారు నిలపడానికి సుమారు పన్నెండు చదరపు మీటర్ల నేల కావాలి. అంత చోటులో పది సైకిళ్లు పడతాయి. అక్కడే ఒకావిడ తోపుడుబండి పెట్టుకుంటే ఖాళీ చెయ్యమంటారు. కారు పెడితే మాత్రం అది హక్కులా చెల్లిపోతుంది. నిజానికి 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం ఏం చెప్పింది? రోడ్డును పంచేటప్పుడు వాహనాలను కాదు, మనుషులను చూడమంది. కారు ఆక్రమించిన నేల విలువకు తగ్గట్టు పార్కింగు రుసుము గట్టిగా ఉండాలంది. కానీ తెలంగాణలో 2018లో వచ్చిన ఉత్తర్వు మాల్స్‌లో మొదటి అరగంట పార్కింగుకు డబ్బు తీసుకోవద్దంది. కొనుక్కోవడానికి వచ్చినవాళ్లను దోచుకోకూడదన్న ఉద్దేశం మంచిదే. అయితే బస్సులో వచ్చినావిడకు, సైకిలు మీద వచ్చినావిడకు ఏమిచ్చినట్టు?

నెదర్లాండ్స్ అనగానే సైకిళ్లు గుర్తొస్తాయి. వాళ్లకది పుట్టుకతో వచ్చిన అలవాటని మనం అనుకుంటాం. కానీ అక్కడా కార్లు పెరిగి సైకిళ్లను తోసేసిన రోజులున్నాయి. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలే. 'పిల్లల హత్యలు ఆపండి' అన్న నినాదమే పేరుగా ఒక ఉద్యమం పుట్టింది. తల్లులు పిల్లలతో సహా వీధుల్లోకి వచ్చారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి ప్రభుత్వం కూడా ఆలోచనలో పడింది. క్రమంగా సైకిలు దారులు వచ్చాయి, కార్లకు పగ్గాలు పడ్డాయి. 2019లో ఆమ్‌స్టర్‌డామ్ నగరం నడిబొడ్డున పార్కింగు రుసుమును గంటకు ఏడున్నర యూరోలు చేసింది. వీధుల్లో పదివేలకు పైగా పార్కింగు చోట్లు తీసేయాలని అదే ఏడాది నిర్ణయించింది. ఈ రోజు ఆ దేశంలో మగవాళ్లకన్నా ఆడవాళ్లే సైకిలు ఎక్కువ తొక్కుతున్నారు!

'మన ఆడవాళ్లు ఎక్కడ తొక్కుతారండీ' అంటారు కొందరు. పక్కనున్న తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది మంది పల్లెటూరి ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. నవ్వినవాళ్లు నవ్వారు, వీళ్లు తొక్కారు. మనకు లేనిది సరదా కాదు, భద్రమైన దారి.

ఈ మాట ఇప్పుడు అడగడానికి ఇంకో కారణముంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. మంచిది. కానీ ఇంటి నుంచి బస్‌స్టాపు దాకా? షేర్ ఆటోకు డబ్బులు పెట్టుకోవాలి, లేదా ఎండలో నడవాలి. సైకిలుంటే పది నిమిషాల పని. అయితే స్టాపు దగ్గర దాన్ని తాళం వేసి పెట్టే చోటు నాకెక్కడా కనబడలేదు.

అందుకని నేనడిగేవి పెద్ద కోరికలేమీ కావు. పెద్ద బస్‌స్టాపుల దగ్గర రెండు కార్ల చోటు తీసి సైకిల్ స్టాండు పెట్టండి. బడులు, మార్కెట్లు ఉన్న రోడ్లలో ఒక వారన కార్లు నిలపకుండా చేసి, ఆ వార సైకిళ్లకు వదలండి. పక్కన చెట్లు నాటండి. మిగతా చోట పార్కింగుకు నేల విలువకు తగ్గ రుసుము పెట్టి, ఆ డబ్బుతోనే ఈ పనులు చెయ్యండి. నడవలేనివాళ్లకు, ముసలివాళ్లకు మినహాయింపు తప్పకుండా ఉండాలి.

కార్పొరేషన్లలో సగం సీట్లు మనవే. ఓటు కోసం గుమ్మంలోకి వచ్చిన అభ్యర్థిని రోడ్డు వేయిస్తారా అని అడగడం మనకు అలవాటే. ఈసారి, ఆ రోడ్డులో మా అమ్మాయి సైకిలుకు ఎంత చోటిస్తారని కూడా అడుగుదాం.