మొదటి స్టీరింగ్ వీల్ కొంటున్నారా? న్యూటన్ మీటర్ల వెంట పడకండి

సిమ్ రేసింగ్ మొదలుపెట్టాలనుకునే తమ్ముళ్ళు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, డైరెక్ట్ డ్రైవ్ తీసుకోవాల్నా, జీ29 సరిపోతదా?" యూట్యూబ్ రివ్యూలు చూస్తే మోటార్ ఎంత పెద్దదైతే అంత మంచిది అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. మా ఎడపల్లి లాంటి ఊళ్ళో ఉండి మొదటి వీల్ కొనేవాళ్ళకైతే అస్సలు ఒప్పుకోను.

అసలు ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటే ఏంటో బోధన్ షక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి చెరకు తోలిన వాళ్ళని అడగండి. ట్రాలీలో లోడు ఎక్కువై ట్రాక్టర్ ముందు టైర్లు తేలితే స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది. గుంతలో పడితే చేతికి కొడుతుంది. గేమ్‌లోనూ అంతే, మలుపులో ముందు టైర్లు పట్టు తప్పగానే వీల్ వదులవుతుంది. ఆ వదులు చేతికి తెలియాలి. దానికి బండబలం అక్కర్లేదు.

ఇప్పుడు లెక్కలు. లాజిటెక్ జీ29 గేర్లతో పనిచేస్తుంది, బలం 2 న్యూటన్ మీటర్లకు కాస్త పైన. మోజా ఆర్5 డైరెక్ట్ డ్రైవ్, అంటే వీల్ నేరుగా మోటార్ షాఫ్ట్‌కే ఉంటుంది, 5.5. ఫానటెక్ సీఎస్‌ఎల్ డీడీ 5, బూస్ట్ కిట్ పెడితే 8. ఫీల్‌లో డైరెక్ట్ డ్రైవ్‌దే పైచేయి, అందులో డౌట్ లేదు. గేర్ వీల్ మధ్యలో కొంచెం మొద్దుగా ఉంటుంది, పైగా కటకటమని చప్పుడు. రాత్రి పూట ఇంట్లోవాళ్ళతో తిట్లు గ్యారంటీ.

కానీ ఆ 5.5ని దేనికి బిగిస్తారు? చదువుకునే టేబుల్‌కి బిగిస్తే వీల్‌తో పాటు టేబుల్ కూడా ఊగుతుంది. మన ఇళ్ళల్లో బండల నేల మీద పెడల్స్ జారతాయి, బ్రేక్ గట్టిగా తొక్కితే చక్రాల కుర్చీ వెనక్కి పోతుంది. ల్యాప్ టైమ్ ఎక్కువగా పోయేది బ్రేకింగ్ దగ్గరే. లోడ్ సెల్ బ్రేక్ పెడల్ ఎంత దూరం కదిలిందో కాకుండా ఎంత బలంగా తొక్కారో కొలుస్తుంది. కాలికి గుర్తుండేది కూడా ఆ బలమే. అందుకే నా మాట: వీల్ చిన్నది కొనండి, మిగిలిన డబ్బు స్టాండ్‌కీ, తర్వాత మంచి బ్రేక్‌కీ పెట్టండి.

స్టాండ్ ఆన్‌లైన్‌లో కొనకండి. ట్రాలీలు రిపేర్ చేసే వెల్డింగ్ షాపులు మన దగ్గరే ఉన్నాయి. స్క్వేర్ పైపు తెచ్చి, కుర్చీ, పెడల్స్, వీల్ ఒకే ఫ్రేమ్‌కి వచ్చేలా చేయించండి. పాత కారు సీటు దొరికితే ఇంకా మంచిది. రేపు పెద్ద మోటార్ కొన్నా ఆ ఫ్రేమ్ కదలదు. ఈ ఒక్క విషయంలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్ వాళ్ళకంటే మనమే నయం!

కొనేముందు మీ దగ్గర ఏం ఉందో చూసుకోండి. జీ29 ప్లేస్టేషన్‌కీ పీసీకీ పనిచేస్తుంది, ఎక్స్‌బాక్స్‌కి జీ920 కావాలి. మోజా ఆర్5 పీసీకే. కరెంటు పోయి వస్తే వీల్ తనంతట తానే అటూ ఇటూ తిరిగి సెట్ అవుతుంది, అప్పుడు చెయ్యి అడ్డం పెట్టకండి. యూపీఎస్ ఉంటే పీసీతో పాటు వీల్‌ని కూడా దానికే కలపండి.

సెకండ్ హ్యాండ్ జీ29 తీసుకోవడం నాకు ఇష్టమే. అయితే పీసీకి పెట్టి చూడకుండా డబ్బులివ్వొద్దు. పెడల్‌ని మెల్లగా తొక్కుతూ స్క్రీన్ మీద గీత చూడండి. గీత ఎగిరెగిరి పడితే లోపల సెన్సార్ అరిగిందో, దుమ్ము పట్టిందో. రేటు తగ్గించమనండి.

ఇంటికి తెచ్చాక గేమ్‌లో ఫోర్స్ వందకి వంద పెట్టకండి. చిన్న మోటార్ తన హద్దు దాటిన బలాలన్నిటినీ ఒకేలా చూపిస్తుంది, దీన్నే క్లిప్పింగ్ అంటారు. టైర్ వదులైన సంగతి అందులోనే మునిగిపోతుంది. మలుపు మధ్యలో తేడా తెలిసేదాకా తగ్గించుకుంటూ రండి.