గాలికీ తూకం ఉంది

విమానం అనగానే మనలో చాలామందికి ప్రయాణికులే కళ్లముందు మెదులుతారు. వాళ్ల కాళ్ల కింద ఉన్న అరలో మందులూ, పూలూ, చేపలూ, యంత్రాల విడిభాగాలూ కూడా ప్రయాణం చేస్తున్నాయన్న సంగతి తట్టదు. మా తోట మామిడికాయలు అలా వెళ్లేదాకా నాకూ తట్టలేదు. నేను బి.యస్సీ. చివరి సంవత్సరం విద్యార్థిని. ఇంతవరకూ విమానం ఎక్కినవాణ్ణి కాను. అయినా ఈ విషయం మీద నాలుగు మాటలు రాయడానికి రైతు కొడుకుగా నాకు హక్కుందనే అనుకుంటున్నాను.

మాది నూజివీడు ప్రాంతం. 4 ఎకరాల బంగినపల్లి తోట. కిందటేడు మే నెలలో ఢిల్లీలో ఉద్యోగం చేసే మా బాబాయి ఫోను చేశాడు. ఆఫీసులో స్నేహితులకు కాయలు కావాలట, మార్కెట్టు కంటే మంచి ధర ఇస్తారట, విమానంలో పంపమన్నాడు. మా నాన్న సంబరపడిపోయాడు. బజారులో కొట్లవాళ్లు పారేసే పెద్ద అట్టపెట్టెలు అయిదు తెచ్చాం. కాయ నలగకూడదని అడుగున వరిగడ్డి, మధ్యన వరిగడ్డి, పైన మళ్లీ వరిగడ్డి మందంగా పరిచి, పెట్టెకు రెండు వరసలే పేర్చాం. ఒక్కో పెట్టె 8 కిలోలు తూగింది. మొత్తం 40 కిలోలు.

బెజవాడలో ఏజెంటు పెట్టెల్ని కాటా మీద పెట్టాడు. తర్వాత టేపు తీసి పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచాడు. కాగితం మీద ఏదో లెక్క వేసి, 60 కిలోలకు కిరాయి రాశాడు. మా నాన్న నిర్ఘాంతపోయాడు. "యార్డులో తరుగు తీయడం చూశాను గానీ, లేని బరువు కలపడం ఇక్కడే చూస్తున్నానయ్యా! ఆ 20 కిలోలూ ఎవరివి?" అని అడిగాడు. "గాలివండీ" అన్నాడు ఏజెంటు నవ్వుతూ.

మాకు నవ్వు రాలేదు. డబ్బు కట్టి వచ్చేశాం. హాస్టలుకు తిరిగి వచ్చాక ఆ లెక్క ఏమిటో తెలుసుకున్నాను. తెలిశాక కోపం ఏజెంటు మీద నుంచి నా మీదికే మళ్లింది.

విమానానికి హద్దులు రెండు. మోయగల బరువు ఒకటి, లోపల ఉన్న చోటు రెండోది. దూది బస్తాలు నింపితే బరువు ఎంతో మిగిలి ఉండగానే చోటు అయిపోతుంది. ఇనుప కడ్డీలు నింపితే చోటు మిగిలి ఉండగానే బరువు అయిపోతుంది. అందుకని ప్రపంచమంతటా ఒక పద్ధతి పెట్టుకున్నారు. పెట్టె కొలతల్ని సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తారు. వచ్చిన సంఖ్య, కాటా చూపిన బరువు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. మా పెట్టె 60, 40, 30 సెంటీమీటర్లు. గుణిస్తే 72,000. భాగిస్తే 12 కిలోలు. అయిదు పెట్టెలకు 60. ఏజెంటు లెక్కలో ఒక్క కిలో తప్పు లేదు.

దీన్ని మన ప్రయోగశాల భాషలో చెప్పుకోవచ్చు. కిలో నీళ్లు 1000 ఘనపు సెంటీమీటర్లు. ఇక్కడ కిలోకు 6000 ఇస్తున్నారు. అంటే నీటి సాంద్రతలో ఆరో వంతు కన్నా తేలికైన సరుకు చోటుకు కిరాయి కడుతుంది, అంతకన్నా బరువైనది బరువుకు కడుతుంది. మామిడికాయ సాంద్రత ఇంచుమించు నీటిదే. చిన్న పెట్టెలో బిగువుగా సర్ది ఉంటే కాటా బరువే మాకు వర్తించేది. సాంద్రత గురించి పరీక్షలో మార్కులు తెచ్చుకున్న నేను, మా నాన్న పక్కన నిలబడి గడ్డి పరిచి గాలికి కిరాయి కట్టించాను. చదువంటే ఇదేనా అనిపించింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మా నాన్న యార్డు తరుగుతో పోల్చాడు గానీ, రెండూ ఒకటి కావు. ఈ సూత్రం రాసి ఉంది, ఎవరైనా నేర్చుకోవచ్చు, ముందుగా లెక్క వేసుకుని జాగ్రత్త పడవచ్చు. తరుగు ఏ పుస్తకంలోనూ దొరకదు, కొనేవాడి నోట్లో ఉంటుంది. విమానం రశీదు చూడండి. దాని మీద మూడంకెల విమాన సంస్థ సంకేతం, తర్వాత ఎనిమిదంకెల సంఖ్య ఉంటాయి. మొదటి ఏడంకెల్ని 7తో భాగిస్తే వచ్చే శేషమే ఎనిమిదో అంకె. 1234567ను 7తో భాగిస్తే శేషం 5, కాబట్టి సంఖ్య 12345675 అవుతుంది. గుమాస్తా ఒక అంకె పొరపాటున రాస్తే చాలావరకు అక్కడే పట్టుబడుతుంది. రైతు సరుకు కొనే చీటీలోనూ ఇంతటి శ్రద్ధ ఉంటే ఎంత బాగుండును!

సరే, కిరాయి సంగతి అలా ఉంచుదాం. కాయలు ఏమయ్యాయి? తెల్లవారుజామున 5 గంటలకు కోశాం. మధ్యాహ్నానికి ఏజెంటుకు అప్పగించాం. తనిఖీ కావలసినవి ముందే చాలా ఉన్నాయి, ఆ రోజు విమానం అందలేదు. మే నెల ఎండలో పెట్టెలు రేకుల షెడ్డు కింద ఉన్నాయి. మర్నాడు సాయంత్రం 5 గంటలకు బాబాయి ఇంటికి చేరాయి. మొత్తం 36 గంటలు. అందులో ఆకాశంలో గడిచింది సుమారు రెండున్నర గంటలే! రెండు పెట్టెల్లో సగం కాయలు మెత్తబడిపోయాయి. కోసిన కాయ కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ శ్వాసక్రియ రెండు మూడు రెట్లవుతుంది. 13 డిగ్రీల దగ్గర నెమ్మదిగా ఉండే కాయను మేము రేకుల కింద ఉడకబెట్టాం.

నేను చెప్పదలచుకున్నది ఇదే. రైతు నష్టపోయేది ఆకాశంలో కాదు, నేల మీద.

మా హాస్టలు మిత్రుడొకడు దీనికి ఒప్పుకోడు. "జిల్లాకో విమానాశ్రయం వస్తే రైతు బాగుపడతాడు" అంటాడు. వాడి ఉత్సాహం నాకు నచ్చుతుంది గానీ, వాదం నచ్చదు. 2014లో యూరప్ దేశాలు మన మామిడిని రానివ్వలేదు. విమానాలు లేక కాదు, పెట్టెల్లో పండు ఈగ కనిపించి. నేల మీద చేయవలసిన శుద్ధి, తనిఖీ సరిదిద్దాకే 2015లో తిరిగి అనుమతించారు. 2020లో కేంద్రం కృషి ఉడాన్ పథకం తెచ్చింది, 2021లో దాన్ని విస్తరించింది. ఎంపిక చేసిన విమానాశ్రయాల్లో విమానం దిగినందుకూ నిలిపినందుకూ కట్టే రుసుములకు అందులో మినహాయింపు ఇచ్చారు. మంచిదే. కానీ ఆ మినహాయింపు రన్‌వే దగ్గర మొదలవుతుంది. మా కష్టం చెట్టు దగ్గరే మొదలవుతుంది.

విమానం అన్నింటికీ కాదన్నది కూడా మనం గుర్తించాలి. ప్రపంచ వాణిజ్యంలో బరువు లెక్కన విమానాల్లో వెళ్లేది 1 శాతం కూడా ఉండదు, విలువ లెక్కన మాత్రం సుమారు మూడో వంతు. ధాన్యం, మొక్కజొన్న విమానమెక్కితే కిరాయి సరుకునే మింగేస్తుంది. త్వరగా పాడయ్యేది, విలువైనది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేది, ఇవే అక్కడికి తగినవి. 2021 జనవరి 12న పుణె నుంచి కోవిడ్ టీకాలు హైదరాబాదుకూ గన్నవరానికీ విమానాల్లోనే వచ్చాయి. అక్కడితో ఆగలేదు. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం తప్పకుండా పల్లెల దాకా చేరాయి. టీకా పల్లెకు రావడానికి చేసిన ఏర్పాటు, కాయ పల్లె నుంచి పోవడానికి ఎందుకు చేయలేం? నాలుగైదు ఊళ్లకు కలిపి ఒక చల్లగది, ఒక ప్యాకింగు షెడ్డు, సమయానికి బయలుదేరే ఒక చల్లని వ్యాను. కొత్త రన్‌వేకు అయ్యే ఖర్చు ముందు ఇదెంత?

మనకీ విద్య కొత్తదేమీ కాదు. ప్రపంచంలో మొట్టమొదటి అధికారిక విమాన తపాలా మన అలహాబాదు నుంచే, 1911 ఫిబ్రవరి 18న, యమున దాటి నైనీకి వెళ్లింది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి విమానంలో తెచ్చిందీ తపాలా సంచులే. ఈ దేశపు విమానం తొలినాళ్లలోనే ఉత్తరాల్ని మోసింది. మామిడికాయ దగ్గరే మనం ఎందుకు వెనకబడాలి?

సైన్సు విద్యార్థులం మనం వేసవి సెలవుల్లో చేయగల పని ఒకటుంది. మన ఊళ్లో పండే సరుకేదో, దానికి తగిన పెట్టె కొలతలేమిటో, ఎంత వేడిలో ఎన్ని గంటలు నిలుస్తుందో లెక్క కట్టి రైతులకు చెప్పవచ్చు. ఒక టేపు, ఒక థర్మామీటరు, ఒక కాటా చాలు. మన విద్యార్థి సంఘం పూనుకుంటే వచ్చే సంచికలో ఆ ఫలితాలే అచ్చువేయవచ్చు.

ఈ ఏడు మా నాన్న పెద్ద అట్టపెట్టెలు తేలేదు. చిన్నవి చేయించాడు. కోతకు ముందురోజు రాత్రి టేపు నా చేతికిచ్చి, "ఒరే అబ్బాయ్, ఈసారి గాలి ఎంతుందో ముందే చూడు" అన్నాడు. మూడేళ్ల నా చదువులో ఇంటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. జవాబు తప్పు పోకూడదని రెండుసార్లు కొలిచాను.