పోసిన డబ్బు మీద మమకారం

చార్మినార్ దాటి దక్షిణంగా వెళితే కొండ మీద ఫలక్‌నుమా ప్యాలెస్ కనిపిస్తుంది. 2010 నుంచి అది హోటలు. దాన్ని కట్టించింది నిజాం కాదు, ఆయన బావగారు వికారుల్ ఉమ్రా. 1884లో మొదలైన పని ఏళ్ళ తరబడి సాగి, అంతటి జమీందారునీ అప్పులపాలు చేసింది. చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆ భవనం తీసుకుని సొమ్ము ఇస్తే ఆయన ఒడ్డున పడ్డారు.

మన దగ్గరున్న నష్టపు షేర్లు తీసుకోవడానికి ఏ నిజామూ రాడు కదా! అయినా మనం మాత్రం "ఇంత పెట్టాక ఇప్పుడు వదిలేస్తే ఎలా?" అంటూ ఇంకా పోస్తూనే ఉంటాం.

హైదరాబాదు కంపెనీ సత్యం సంగతే చూడండి. లెక్కలు తప్పుడివని 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజే షేరు సుమారు 179 రూపాయల నుంచి 40కి పడిపోయింది. ఇలాంటప్పుడు "కొన్న రేటు వస్తే అమ్ముతా" అని కూర్చోవడం మన మనసు చేసే పని. ఆ రేటు మనకే గుర్తు, బజారుకు పట్టదు సుమా!

వంద రూపాయలు దొరికిన సంతోషం కన్నా వంద పోయిన బాధ దాదాపు రెట్టింపని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు చెప్పారు. కానెమన్‌కి 2002లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బాధ ఒప్పుకోలేకే పెరిగిన షేరు చటుక్కున అమ్మేసి, తరిగినదాన్ని పట్టుకు వేలాడతాం.

మరి ఏం చేయాలి?

* "ఇది నా దగ్గర లేకపోతే, ఈ రేటుకి ఇవాళ కొంటానా?" అని అడుగుకోండి. "కొనను" అనిపిస్తే అమ్మే ఆలోచన చేయండి.
* బీమా పాలసీ అయినా, మరో స్కీము అయినా ఇప్పటిదాకా కట్టింది పక్కన పెట్టండి. ఇకపై కట్టాల్సిందెంత, చేతికొచ్చేదెంత, ఇప్పుడే ఆపితే వచ్చేదెంత అని కాగితం మీద వేసుకోండి.
* సగటు రేటు తగ్గుతుందని పడిపోతున్న షేరు మళ్ళీ కొనేముందు, కంపెనీ బాగుందో లేదో కనుక్కోండి.

పాడైన పిండిలో ఇంకో గ్లాసు మినప్పప్పు రుబ్బి కలపం కదా! వంటింట్లో ఉన్న ఆ తెలివి డబ్బు దగ్గరా చూపిస్తే చాలు.